సంగారెడ్డి సీమ ఏర్లు, వాటి పేర్లు

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతం హైదరాబాదుకు వాయవ్యంగా, ముంబయి జాతీయ రహదారికి అటూ ఇటూ పరుచుకుని ఉంది. బయటివారికి ఇది ఫ్యాక్టరీల సీమగానే తెలుసు. భౌగోళికంగా ఇది మంజీర పరీవాహక ప్రాంతం. మంజీర గోదావరికి ఉపనది. దానిలోకి నక్కవాగు, పాములవాగు, ఇసుకవాగు, పెద్దవాగు వంటి చిన్న ప్రవాహాలెన్నో నీళ్లు మోసుకొస్తాయి. చెరువులు, కుంటలు వీటిని గొలుసుకట్టుగా కలుపుతాయి. ఈ నీటి వనరుల పేర్లను ఒకచోట పేర్చి చూస్తే ఒక తీరు కనిపిస్తుంది. పెద్ద నదికి పురాణం పేరు పెట్టింది, వాగుకు ఊరు పేరు పెట్టింది, ఆనకట్టకు పాలకుడి పేరు వచ్చింది.

నైసర్గిక స్వరూపం

ఈ నేల దక్కను పీఠభూమిలో భాగం. జహీరాబాద్ వైపు ఎర్రరాతి మిట్టలు, నల్లరేగళ్లు ఉంటే, పటాన్‌చెరు వైపు రాతిగుట్టలు, చెలక నేలలు ఎక్కువ. ఏడాది పొడవునా నిండుగా పారే ఏరు ఇక్కడ లేదు. వానాకాలంలో వాగులు పొంగుతాయి, ఎండాకాలానికి ఇసుక తేలుతుంది. అందుకే పూర్వం నుంచీ ప్రతి పల్లంలోనూ కట్ట వేసి నీరు నిలిపారు. పై చెరువు నిండి మత్తడి దుంకితే కింది చెరువు నిండేది, ఆఖరి చెరువు నీళ్లు వాగులో పడేవి.

ఈ ప్రాంతానికి మరో ప్రత్యేకత ఉంది. గోదావరి, కృష్ణా పరీవాహక ప్రాంతాలను విడదీసే మిట్ట పటాన్‌చెరుకు, హైదరాబాదుకు నడుమ సాగుతుంది. పటాన్‌చెరులో కురిసిన వాన నక్కవాగు మీదుగా మంజీరలోకి, అక్కడి నుంచి గోదావరిలోకి చేరుతుంది. కొద్ది మైళ్ల దూరంలో కూకట్‌పల్లిలో కురిసిన వాన హుస్సేన్‌సాగర్ దారిన మూసీలో పడి, వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది.

నీటిదారులకు తెలుగు మాటలు

నది సంస్కృతం నుంచి వచ్చిన మాట, ఏరు తెలుగు మాట. ఏరుకన్నా చిన్నది వాగు. వానపడ్డప్పుడు మాత్రమే పారే సన్నటి దారిని తెలంగాణ పల్లెల్లో ఒర్రె అంటారు. నది చీలితే పాయ, లోతుగా నిలిస్తే మడుగు, రాతి మధ్య ఊరితే గుండం, నది నడుమ తేలిన నేల గడ్డ. చెరువుకు కట్ట, తూము, మత్తడి, శిఖం ఉంటాయి. కోస్తాలో అలుగు అనేదాన్నే ఇక్కడ మత్తడి అంటారు. ఎండిన వాగు ఇసుకలో గుంట తవ్వితే ఊరే నీటికి చెలిమె అని పేరు. కుండతో చెలిమె దగ్గర కూర్చుని, ముంతతో తేట నీరు తోడుకుని, అడుగు కదలకుండా మళ్లీ ఊరేదాకా ఆగడం ఒక తరం ఆడవాళ్లకు నిత్యకృత్యం. నీళ్లు కనబడకపోయినా వాగు బతికే ఉందనడానికి చెలిమే సాక్ష్యం.

ఈ మాటలన్నీ ఊళ్ల పేర్లలోనూ చేరాయి. గుమ్మడిదల వైపు దోమడుగులో మడుగు ఉంది, జిన్నారం వైపు గండిగూడెంలో గండి ఉంది. తెలుగునాట చాలా ఊళ్ల పేర్ల చివర వినిపించే ‘చెర్ల’ చెరువుకు బహువచన రూపం. జహీరాబాద్ దగ్గరి ఝరాసంగం పేరులో ఝరి, సంగమం రెండూ ఉన్నాయి. అక్కడి కేతకీ సంగమేశ్వర ఆలయంలోని గుండంలో ఎనిమిది తీర్థాలు కలిశాయని భక్తుల నమ్మకం.

మంజీర

మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లా పాటోదా తాలూకాలో, బాలాఘాట్ కొండల్లో సుమారు 823 మీటర్ల ఎత్తున పుడుతుంది. ధారాశివ్, లాతూర్ జిల్లాల మీదుగా కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వచ్చి, అక్కడి నుంచి సంగారెడ్డి జిల్లాలో తెలంగాణలోకి అడుగుపెడుతుంది. అంతవరకు ఆగ్నేయంగా నడిచిన నది సంగారెడ్డి దాటాక ఉత్తరానికి మళ్లుతుంది. మెదక్, కామారెడ్డి జిల్లాల మీదుగా సాగి నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం పొడవు 724 కిలోమీటర్లు, పరీవాహక ప్రాంతం 30,844 చదరపు కిలోమీటర్లు. కందకుర్తిలో హరిద్ర కూడా కలుస్తుందని చెప్పి దాన్ని త్రివేణి సంగమంగా కొలుస్తారు.

సంస్కృతంలో మంజీరం అంటే కాలి అందె. రాళ్ల మీద నీరు గలగలమనే చప్పుడు వినేవారికి ఈ అర్థం సహజంగా అతుకుతుంది. అయితే నది పుట్టినచోట దాని పేరు మాంజరా. మరాఠీలో మాంజర్ అంటే పిల్లి. కనుక ఒకే నది పేరులో తెలుగు చెవికి అందె, మరాఠీ చెవికి పిల్లి వినిపించవచ్చు. రెండూ ధ్వని సామ్యాలే. పేరు పుట్టుకకు వీటినే రుజువుగా తీసుకోకూడదు. పురాణాలలో సహ్యాద్రి నుంచి పారే నదుల వరుసలో వంజులా అనే పేరు ఉంది. అది మంజీరేనని కొందరు చారిత్రక భూగోళ పండితులు గుర్తించారు. అదే నిజమైతే అందె అనే అర్థం తరవాతి కాలంలో వచ్చి చేరినట్టే.

హైదరాబాదులో ఈ పేరు మరో దారి పట్టింది. 1965లో మంజీర నుంచి నగరానికి తాగునీరు మొదలైంది. క్రమంగా నగరవాసుల నోట మంజీర అంటే నది కాదు, కుళాయి నీళ్లు. బోరు నీళ్లకు ఎదురుగా మంజీర నీళ్లు అనడం వాడుకైంది. ‘మంజీర వచ్చిందా?’ అని బిందె పట్టుకుని అడిగే మనిషి తన జీవితంలో ఆ నది ఒడ్డున నిలబడి ఉండకపోవచ్చు.

గరుడగంగ, ఏడుపాయలు

మంజీరకు భక్తుల వాడుకలో మరో పేరు గరుడగంగ. సంగారెడ్డి జిల్లా న్యాల్‌కల్ మండలంలోని నదీతీర క్షేత్రంలోనూ, మెదక్ జిల్లాలోని ఏడుపాయల్లోనూ ఈ పేరే వినిపిస్తుంది. ఏడుపాయలు పాపన్నపేట మండలం నాగ్సాన్‌పల్లి దగ్గర ఉంది. అక్కడ నది బండరాళ్ల నడుమ ఏడుగా చీలి, కొంతదూరం పోయి మళ్లీ ఒకటవుతుంది. జమదగ్ని, అత్రి, కశ్యప, విశ్వామిత్ర, వసిష్ఠ, భరద్వాజ, గౌతముల పేర్లతో ఈ పాయలను చెప్పుకుంటారు. జనమేజయుడు సర్పయాగం చేసింది ఇక్కడేనని స్థలపురాణం. పాముల కథకు గరుడుడి పేరు తోడవడం ఆ కథలో ఒదిగే విషయమే.

పాయల మధ్య, రాతి చరియ కింద వనదుర్గామాత గుడి ఉంది. మహాశివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. మంచి వానలు పడి, ఎగువన ఉన్న సింగూరు ప్రాజెక్టు గేట్లు ఎత్తిన ఏడాది గుడి ముందు పాయ ఉప్పొంగి గర్భగుడి దాకా వస్తుంది. అప్పుడు మూలవిరాట్టు దర్శనం ఆపి, ఉత్సవమూర్తిని రాజగోపురం దగ్గర నిలిపి పూజలు చేస్తారు. నీళ్లు తీశాక గుడిలో చేరిన బురద కడిగి మళ్లీ తలుపులు తెరుస్తారు. నది అమ్మవారి పాదాలు కడగడానికి వచ్చిందని అక్కడివారు అంటారు గాని, వరద వచ్చిందని విసుక్కోరు.

గడ్డలు

సింగూరు ప్రాజెక్టుకు, సంగారెడ్డి దగ్గర కలబ్‌గూర్‌లో ఉన్న మంజీర బ్యారేజికి నడుమ నది నిలకడగా, వెడల్పుగా ఉంటుంది. ఈ భాగాన్ని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. మన మంచినీటి మొసలికి ఇది ముఖ్యమైన ఆవాసం. నది మధ్యలో తుంగ, జమ్ము పెరిగిన దీవులున్నాయి. వాటిలో పుట్టిగడ్డ, బాపనగడ్డ, సంగమగడ్డ, కర్ణంగడ్డ అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. బాపన, కరణం అనేవి పల్లె సమాజంలోని మనుషుల పేర్లు. పుట్టి అనే మాటకు తెలుగులో గుండ్రటి బుట్టపడవ అనీ, ధాన్యపు కొలత అనీ రెండర్థాలు. నీళ్లు చుట్టుముట్టిన నేలకు కూడా ఊరివారు ఊరి లెక్కల్లోంచే పేరు తీసుకున్నారు. ఇప్పుడు ఆ గడ్డల మీద కరణాలూ లేరు, పంటలూ లేవు. మొసళ్లు ఎండ కాచుకుంటాయి, కొంగలు గూళ్లు కడతాయి.

ఉపనదులు

కరంజ: కోహీర్ ప్రాంతంలో పుట్టి, సంగారెడ్డి జిల్లా నుంచి కర్ణాటకలోకి వెళ్లి, బీదర్ జిల్లాలో మంజీరలో కలుస్తుంది. అంటే ఇక్కడి వాననీరు పక్క రాష్ట్రం చుట్టి మంజీర రూపంలో తిరిగి ఇంటికి వస్తుంది. సంస్కృతంలో కరంజ అంటే కానుగ చెట్టు.

నారింజ: జహీరాబాద్ పరిసరాల వాగు. ఇదీ కర్ణాటక వైపే పారుతుంది. కొత్తూర్ దగ్గర దీనిపై చిన్న ప్రాజెక్టు ఉంది. కరంజ, నారింజ పక్కపక్కనే ఉండటం వల్ల పేర్లు జంటగా వినిపిస్తాయి. ఒకటి కానుగ, ఒకటి పండు.

హల్దీ: తూప్రాన్ మీదుగా మెదక్ వైపు పారి మంజీరలో చేరుతుంది. ఉర్దూలో హల్దీ అంటే పసుపు. తెలుగులో దీనికి పసుపు యేరు అనే పేరుంది. ఒకే అర్థానికి రెండు భాషల్లో రెండు పేర్లు నిలిచిన అరుదైన ఉదాహరణ ఇది. 2021 ఏప్రిల్‌లో కొండపోచమ్మసాగర్ జలాశయం నుంచి గోదావరి నీటిని ఈ వాగులోకి వదిలారు. ఆ నీరు మంజీర మీదుగా నిజాంసాగర్‌కు చేరింది.

నక్కవాగు: పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల నీటిని ఉత్తరంగా మోసుకుపోయి, ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాటాక, మంజీర బ్యారేజికి దిగువన నదిలో కలిసే వాగు. పాములవాగు, పెద్దవాగు, ఇసుకవాగు దీని కుటుంబంలోవే.

నక్కవాగు పరీవాహకం

నక్క, పాము, ఇసుక. ఈ మూడు పేర్లూ చూసినదాన్ని చూసినట్టు చెప్పినవి. ఒడ్డున పొదల్లో నక్కలు కూసిన వాగు, వంకర్లు తిరిగిన వాగో పాములు కనబడ్డ వాగో, అడుగున ఇసుక పరిచిన వాగు. వీటికి స్థలపురాణాలు లేవు, పుష్కరాలు రావు. పశువులు కాసేవాడు, పొలం దున్నేవాడు దారి చెప్పుకోవడానికి పెట్టుకున్న గుర్తులివి.

ఈ వాగుల చుట్టూ ఇరవయ్యో శతాబ్దపు రెండో సగంలో లోకం మారింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ కర్మాగారం, 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చాయి. 1970ల నడిమి నుంచి పటాన్‌చెరు, బొల్లారం, ఆ తర్వాత పాశమైలారం, ఖాజీపల్లి, గడ్డపోతారం వైపు పారిశ్రామిక వాడలు వెలిశాయి. మందుల తయారీకి కావలసిన ముడి రసాయనాల పరిశ్రమ ఇక్కడ బలపడింది. వ్యర్థజలాలు పల్లం వెతుక్కుని కుంటల్లోకి, కుంటల నుంచి వాగుల్లోకి దిగాయి. బొల్లారం అసానికుంట, ఖాజీపల్లి చెరువు, గండిగూడెం చెరువు, ఇస్నాపూర్ చెరువు పర్యావరణ నివేదికల్లో తరచూ కనిపించే పేర్లయ్యాయి.

1990లో ఈ కాలుష్యంపై సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. 2001లో అది రాష్ట్ర హైకోర్టుకు, తరవాత జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు బదిలీ అయింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం మొదలైంది. సుమారు 90 మందుల తయారీ సంస్థల వ్యర్థజలం చేరే ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికి వచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ అందులో తేలింది. కొన్ని బాక్టీరియాలకు హానిచేసే స్థాయికి అది వెయ్యి రెట్లకు పైమాట. మందులకు లొంగని సూక్ష్మజీవులు వాగుల్లో ఎలా పెరుగుతాయో చెప్పే ప్రపంచ పరిశోధన సాహిత్యంలో అప్పటి నుంచి పటాన్‌చెరు తప్పనిసరి ప్రస్తావన అయింది. గొర్రెల కాపరి పెట్టుకున్న నక్కవాగు, ఇసుకవాగు అనే పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో అంతర్జాతీయ శాస్త్ర పత్రికలకు ఎక్కాయి.

పొట్టలకెరె నుంచి పటాన్‌చెరు దాకా

పటాన్‌చెరు అనగానే పఠాన్లు గుర్తుకొస్తారు గాని, పేరు అంతకన్నా చాలా పాతది. కల్యాణి చాళుక్య రాజు రెండవ జయసింహుడు (1015–1042) పాలించిన రాజధానుల్లో పొట్టలకెరె ఒకటి. అది నేటి పటాన్‌చెరేనని చరిత్రకారుల గుర్తింపు. కన్నడంలో కెరె అంటే చెరువు. తెలుగులో అదే పొట్లచెరువు అయింది. అక్కడి నుంచి పటాన్‌చెరు. రాజులు మారారు, భాష మారింది, పేరు మొదటి సగం ఒరుసుకుపోయింది. చెరువు మాత్రం పోలేదు.

కుతుబ్‌షాహీల కాలంలో పొట్లచెరువును ఏలిన అమీన్‌ఖాన్‌కు పొన్నగంటి తెలగన తన యయాతి చరిత్రను అంకితమిచ్చాడు. సంస్కృత పదం లేకుండా రాసిన తొలి అచ్చ తెలుగు కావ్యంగా దానికి పేరు. పక్కనున్న అమీన్‌పూర్‌కు ఆ అమీన్‌ఖాన్ పేరే వచ్చింది. అమీన్‌పూర్ చెరువు కూడా ఆ కాలపుదే. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఈ గుర్తింపు పొందిన మొదటి నగర జలాశయం ఇదే. అచ్చ తెలుగు కావ్యానికి అంకితం పుచ్చుకున్న ముస్లిం ప్రభువు పేరు ఇవాళ వలస పక్షులు వాలే చెరువు మీద నిలిచింది.

కట్టలు, కాలువలు, పాలకులు

నదుల మీద మనిషి కట్టినవాటి పేర్లు వేరే కథ చెబుతాయి. మంజీరపై ఉన్న 1905 నాటి ఘనపురం ఆనకట్ట నుంచి తీసిన రెండు కాలువలకు మహబూబ్ నహర్, ఫతే నహర్ అని పేర్లు. నహర్ అంటే ఉర్దూలో కాలువ. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు మీద మొదటిది. సంగారెడ్డి పట్టణపు చెరువు మహబూబ్‌సాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో లేచింది.

స్వాతంత్ర్యం తర్వాతి కట్టడాలకు మొదట ఊళ్ల పేర్లే వచ్చాయి. 29.91 టీఎంసీల సింగూరు ప్రాజెక్టుకు పుల్కల్ మండలంలోని ఊరిదే పేరు. తరవాత దానికి ఈ ప్రాంతపు నాయకుడు బాగారెడ్డి పేరు జోడించారు. ఘనపురం ఆనకట్టను తెలంగాణ ఏర్పడ్డాక వనదుర్గా ప్రాజెక్టుగా మార్చారు. కట్టడానికి కొత్త పేరు పెట్టడానికి ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు. వాగు పేరు మార్చాలంటే ఊరంతా మరిచిపోవాలి.

ఇతర దేశాలలో

ఒక నదికి ఊరూరా పేరు మారడం మంజీరకే పరిమితం కాదు. ఐరోపాలో డాన్యూబ్‌ను జర్మనులు డోనావ్ అని, హంగేరీయులు దునా అని, సెర్బులు దునావ్ అని పిలుస్తారు. దాని మూలంలో ఉన్న ప్రాచీన ధాతువుకు అర్థం ప్రవాహమే. ఇంగ్లండ్‌లో ఏవన్ అనే నదులు చాలా ఉన్నాయి. ఏవన్ అంటే పాత కెల్టిక్ భాషలో నది. తరవాత వచ్చినవారికి ఆ సంగతి తెలియక ఏవన్ నది అన్నారు, అంటే నది నది. తెలంగాణలో జిల్లాకో పెద్దవాగు ఉండటమూ అలాంటిదే. పేరు పెట్టినవారికి లోకంలో ఉన్నది ఆ ఒక్క వాగే. వేరే పెద్దవాగు ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

ప్రస్తుత స్థితి

2016 ఏప్రిల్‌లో మంజీర ఎగువన ధనేగావ్ జలాశయం ఎండి లాతూర్ పట్టణానికి రైలులో నీళ్లు తోలారు. అదే కరువులో సింగూరు కూడా అడుగంటింది. హైదరాబాదుకు గోదావరి, కృష్ణా నీళ్లే దిక్కయ్యాయి. తరవాతి మంచి వానలకు జలాశయాలు మళ్లీ నిండాయి. వాగుల సంగతి వేరు. పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువు శిఖాల్లో, అంటే నీరు నిలిచే నేలలో, ఇళ్లు లేచాయి. వాగు అనే చోట నాలా అనే మాట స్థిరపడుతోంది. వాగు అంటే నీరు పారేది, నాలా అంటే మురుగు పారేది అనే అర్థం జనంలో నాటుకుంటోంది. ఒకసారి నాలా అని పేరు పడ్డాక దాన్ని పూడ్చినా, దానిలో చెత్త పోసినా అడిగేవారు తగ్గుతారు.

నీటి దారి కూడా మారింది. మంజీర నీళ్లు గొట్టాల్లో మిట్ట దాటి హైదరాబాదుకు పోతాయి, వాడుకున్నాక మూసీ మీదుగా కృష్ణకు చేరతాయి. 2009 నుంచి పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నీళ్లు కూడా గొట్టం గుండా మూసీ ఒడ్డునున్న అంబర్‌పేటకు వెళ్తున్నాయి. మంచినీళ్లు వెళ్లిన దిక్కుకే వ్యర్థజలమూ వెళ్లింది. నక్కవాగు మాత్రం ఇప్పటికీ తన పాత పల్లం విడవకుండా, ఇస్మాయిల్‌ఖాన్‌పేట దాటి, మంజీరలోనే కలుస్తోంది.